ఇల్లు ఎవరికి కిరాయికివ్వాలి, ఎట్లా నిలుపుకోవాలి: హనుమకొండ, వరంగల్ ఓనర్లకు ఒక పోలిక

మా ఇల్లు హనుమకొండ గోపాలపూర్‌లో ఉంది. కింద మేముంటాం, పైన రెండు పోర్షన్లు కిరాయికి ఇస్తాం. పదిహేనేళ్లుగా ఇదే నడుస్తోంది. ఏడేళ్లు మా ఇంట్లో ఉండి సొంతిల్లు కట్టుకుని వెళ్లిన కుటుంబాన్ని చూశాం. నాలుగు నెలలకే ఒక రాత్రి సామాను సర్దుకుని, మూడు నెలల కరెంటు బిల్లు మా నెత్తిన పెట్టి పోయినవాళ్లనూ చూశాం. ఆ రెండోవాళ్లు వచ్చినప్పుడు ఇల్లు రెండు నెలలుగా ఖాళీగా ఉంది. ఆ టెన్షన్‌లో ఉన్నాం, వాళ్లేమో వెయ్యి ఎక్కువిస్తామన్నారు. ఏమీ అడగకుండా తాళంచెవి చేతిలో పెట్టాం.

"ఇల్లు ఖాళీ అయింది, ఫ్యామిలీకే ఇవ్వాల్నా, పిల్లలకిస్తే ఎక్కువొస్తదంటున్నరు, బ్రోకర్‌కు చెప్పాల్నా" అని చుట్టాలు, తెలిసినవాళ్లు తరచూ అడుగుతుంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక లెక్క

అందరూ మొదట చూసేది కిరాయి ఎంతొస్తుందని. నేను దాన్ని మూడోది చేస్తాను. ఎందుకో చూడండి. మీ పోర్షన్ కిరాయి 9,000 అనుకుందాం. ఉన్నవాళ్లను 500 పెంచమని పట్టుబట్టారు, వాళ్లు ఖాళీ చేశారు. కొత్తవాళ్లు దొరికేలోపు రెండు నెలలు పోయాయి, అంటే 18,000. సున్నం, పెయింటు, బాత్రూం కుళాయిలు, చిన్నాచితకా కలిపి ఇంకో 12,000 అనుకోండి. మొత్తం 30,000. కొత్తవాళ్లు 9,500 ఇచ్చినా ఏడాదికి మీకు అదనంగా వచ్చేది 6,000. పోయింది తిరిగి రావడానికి అయిదేళ్లు పడుతుంది. ఈ లెక్క వేసుకున్నాకే మా అమ్మ "ఉన్నోళ్లు మంచిగుంటే కదిలియ్యద్దు" అని ఎందుకంటుందో నాకు అర్థమైంది.

అందుకే నా వరుస ఇది. ఎన్నాళ్లు ఉంటారు అన్నది మొదటిది. ప్రతి నెలా అడగకుండా ఇస్తారా అన్నది రెండోది. ఆ తర్వాతే కిరాయి. నాలుగోది ఇంటి అరుగుదల: నీళ్లు ఎంత వాడతారు, గోడలకు ఎన్ని మేకులు కొడతారు, గేటు ఎన్నిసార్లు తెరుచుకుంటుంది. ఇవన్నీ ఒకెత్తు, మీరు అదే ఇంట్లో ఉంటారా, హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారా అన్నది ఒకెత్తు. ఒకే కిరాయిదారు మొదటివాళ్లకు మంచివాడు, రెండోవాళ్లకు తలనొప్పి కావచ్చు.

కులం, మతం, ఏం తింటారు అన్నవి ఈ వరుసలో లేవు. మన దగ్గర చాలామంది ఓనర్లు ఫోనెత్తగానే అడిగే మొదటి ప్రశ్న అదే. అది తప్పని నా గట్టి నమ్మకం. అడిగించుకున్నవాళ్ల మనసు ఎంత నొచ్చుకుంటుందో ఒకసారి ఆలోచించండి. దానితో మీకు తెలిసేది కూడా ఏమీ లేదు. బిల్లు ఎగ్గొట్టి పోయినవాళ్లు మా కులంవాళ్లే.

ఎవరికి ఇస్తే ఏం వస్తుంది, ఏం పోతుంది

*ఉద్యోగం ఉన్న కుటుంబం.* అందరూ కోరుకునేది వీళ్లనే. టీచర్లు, బ్యాంకువాళ్లు, కాజీపేట వైపైతే రైల్వేవాళ్లు. జీతం ఒకటో తారీఖున పడుతుంది, అయిదో తారీఖులోపు కిరాయి వస్తుంది. పిల్లలు దగ్గరి బడిలో చేరారంటే ఆ బడి మారేదాకా ఇల్లు మారరు. అసలు బలం అదే. అందుకే ఇల్లు చూడ్డానికి వచ్చిన కుటుంబాన్ని నేను మొదట పిల్లలు ఎన్నో తరగతి, ఏ బడి అని అడుగుతాను. రెండో తరగతి పాప ఉంటే నాకు ధైర్యం. పదో తరగతి పిల్లవాడు ఉంటే వచ్చే వేసవిలోనే ఇల్లు మారతారేమోనన్న అనుమానం.

ఇబ్బందులూ ఉన్నాయి. బదిలీ ఉద్యోగమైతే రెండు మూడేళ్లకు వెళ్లిపోతారు. పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులు ఇంటి అద్దె మినహాయింపు కోసం రసీదులు అడుగుతారు. ఏడాది కిరాయి లక్ష దాటితే ఓనర్ పాన్ నంబరు కూడా ఇవ్వాలి. నెలకు 9,000 అంటేనే లక్షా ఎనిమిది వేలు. పాన్ అనగానే చాలామంది ఓనర్లు భయపడి, "రసీదులు ఇయ్యం" అని మంచి కుటుంబాన్ని వదులుకుంటారు. నిజానికి కిరాయి ఆదాయంలో ఇంటి పన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతాన్ని మరమ్మతుల కింద చట్టమే మినహాయిస్తుంది, మీరు రూపాయి ఖర్చు చేయకపోయినా సరే. వేరే పెద్ద ఆదాయం లేని ఓనర్‌కు పన్ను పడకపోవచ్చు కూడా. రసీదు ఇవ్వండి, మనిషిని పోగొట్టుకోకండి.

*ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు.* ఎంజీఎం, కాకతీయ మెడికల్ కాలేజీ, వాటి చుట్టూ ప్రైవేటు ఆసుపత్రులు. వీటిలో నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, జూనియర్ డాక్టర్లు ఎందరో ఉంటారు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పోర్షన్ తీసుకుంటారు. చాలామంది ఓనర్లు "ఒంటరి ఆడపిల్లలు, రాత్రి డ్యూటీలు, మనకెందుకు" అని వీళ్లను వద్దంటారు. నా అనుభవం వేరు. మా పై పోర్షన్‌లో ఒక నర్సమ్మ నాలుగేళ్లు ఉంది. కిరాయి ఒక్క నెల కూడా ఆలస్యం కాలేదు. ఇల్లు అద్దంలా ఉండేది. వచ్చిన చిక్కల్లా గేటుతోనే. రాత్రి డ్యూటీ అయిపోయి తెల్లవారుజామున వచ్చేది. మా ఇనుప గేటు గొళ్లెం తీస్తే గల్లీ అంతా లేచేంత చప్పుడు. పాపం, ఆ అమ్మాయి చప్పుడు కావద్దని చున్నీ కొసను గొళ్లేనికి చుట్టి మెల్లగా జరుపుతుంటే ఒకరోజు కిటికీలోంచి చూశాను. ఆ వారమే గొళ్లెం తీయించి తాళం పెట్టించాను, ఒక తాళంచెవి ఆమెకిచ్చాను. పెద్ద ఖర్చేం కాలేదు. డ్యూటీ వేళలు తప్పు కాదు, మన గేటే వాళ్లకు సరిపోలేదు.

*చదువుకునే పిల్లలు.* కాకతీయ యూనివర్సిటీ, నయీంనగర్, కిషన్‌పుర చుట్టుపక్కల ఇల్లుంటే మిమ్మల్ని ఎక్కువగా అడిగేది వీళ్లే. డిగ్రీ, పీజీ పిల్లలు, గ్రూప్స్‌కో కానిస్టేబుల్ ఉద్యోగాలకో చదివేవాళ్లు. నిట్ దగ్గర ఇల్లుందని ఆశపడకండి, అక్కడి పిల్లలు చాలావరకు క్యాంపస్ హాస్టళ్లలోనే ఉంటారు. తలకు ఇంత అని ఇస్తారు కనుక నలుగురు కలిస్తే కుటుంబం ఇచ్చేదానికన్నా కిరాయి ఎక్కువే వస్తుంది. అయితే పరీక్షలు అవగానే ఊరికి పోతారు, సెలవుల్లో కిరాయి తగ్గించమంటారు, నలుగురిలో ఒకడు వెళ్లిపోతే మిగతా ముగ్గురూ అతని వాటా దగ్గర ఆగిపోతారు. అందుకే పిల్లలకిస్తే నాలుగు వాటాల లెక్క పెట్టుకోకండి. మొత్తం కిరాయికి ఒక్కరిని బాధ్యుడిగా పెట్టి, ఆ పిల్లవాడి తల్లిదండ్రులతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడండి. భూపాలపల్లి నుంచో ఏటూరునాగారం నుంచో పంట పైసలతో కొడుకును చదివిస్తున్న తండ్రి మాట నిలబెట్టుకుంటాడు. ఆలస్యమైతే ముందే ఫోన్ చేసి చెప్తాడు.

*మొత్తం ఇల్లు హాస్టల్‌కో కంపెనీకో ఇవ్వడం.* దూరాన ఉండే ఓనర్లను ఇదే ఎక్కువ ఊరిస్తుంది. ఒకే మనిషి, ఒకే చెక్కు, మూడేళ్ల మాట. నెలనెలా ఫోన్ల బాధ లేదు. కానీ నలుగురు ఉండే ఇంట్లో ఇరవై మంది ఉంటారు. బాత్రూంలు, డ్రైనేజీ, బోరు మీద పడే భారం మామూలుగా ఉండదు. ఇల్లు వ్యాపారానికి వాడితే కరెంటు మీటరు కేటగిరీ, ఇంటి పన్ను రెండూ మారే అవకాశం ఉంది. ఆ తేడా ఎవరు కట్టాలో కాగితం మీద రాసుకోకపోతే అది మీ మీదే పడుతుంది. పాత ఇల్లైతే నేను ఇవ్వను. కొత్తగా, అందుకోసమే కట్టిన బిల్డింగైతే ఆలోచించవచ్చు.

| ఎవరు | ఎన్నాళ్లు ఉంటారు | కిరాయి | ఇంటి అరుగుదల | ఏ ఓనర్‌కు మేలు |
|---|---|---|---|---|
| బడి పిల్లలున్న ఉద్యోగి కుటుంబం | ఎక్కువ | మామూలు | తక్కువ | అందరికీ, దూరాన ఉన్నవాళ్లకు మరీ |
| బదిలీ ఉద్యోగి | రెండు మూడేళ్లు | మామూలు, కచ్చితం | తక్కువ | రసీదు ఇవ్వగలిగినవాళ్లకు |
| ఆసుపత్రి సిబ్బంది | రెండు నుంచి నాలుగేళ్లు | మామూలు | చాలా తక్కువ | వేళల విషయంలో సర్దుకునేవాళ్లకు |
| విద్యార్థులు | ఏడాది లోపే | ఎక్కువ | ఎక్కువ | అదే ఇంట్లోనో పక్కనో ఉండేవాళ్లకు |
| హాస్టల్, కంపెనీ | ఒప్పందం ఉన్నన్నాళ్లు | ఎక్కువ | చాలా ఎక్కువ | కొత్త పెద్ద బిల్డింగ్ ఉన్నవాళ్లకు |

ఎట్లా వెతకాలి

టులెట్ బోర్డుకు ఖర్చు లేదు. దాన్ని చూసి వచ్చేవాడు ఆ గల్లీ చూశాకే వస్తాడు కనుక సగం ఇష్టపడి వచ్చినట్టే. కాకపోతే రోజుకు పది ఫోన్లు వస్తాయి. బోర్డు మీద "డబుల్ బెడ్రూం, రెండో అంతస్తు, కారు పార్కింగ్ లేదు" అని రాయండి, ఫోన్లు సగం తగ్గుతాయి.

బ్రోకర్‌తో పని తొందరగా అవుతుంది. సాధారణంగా ఒక నెల కిరాయి కమీషన్ అడుగుతారు, కొందరు ఇద్దరి దగ్గరా తీసుకుంటారు. మీరు ఊళ్లో లేకపోతే ఇది తప్పదు. కానీ బ్రోకర్‌కు ఇల్లు నిండడమే ముఖ్యం, ఎవరు నింపారన్నది మీ బాధ. పైగా కిరాయిదారు తొందరగా ఖాళీ చేస్తే ఆయనకు మళ్లీ కమీషన్. వచ్చినవాళ్లతో మీరు స్వయంగా మాట్లాడకుండా తాళం ఇవ్వనివ్వకండి, వీడియో కాల్‌లోనైనా సరే.

ఫోన్ యాప్‌లలో ఫోటోలు పెడితే వేరే ఊళ్ల నుంచి బదిలీ మీద వచ్చేవాళ్లకు ఇల్లు కనిపిస్తుంది. మోసగాళ్లూ అక్కడే ఉంటారు. "సైన్యంలో ఉన్నాను, ఇల్లు చూడకుండానే అడ్వాన్స్ పంపుతున్నా, ఈ కోడ్ స్కాన్ చేయండి" అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బు తీసుకోవడానికి స్కాన్ చేయాల్సిన పని ఎప్పుడూ ఉండదు.

వీటన్నిటికన్నా నేను నమ్మేది నోటి మాటను. పాలు పోసే ఆయన, కిరాణా షాపు ఆయన, పక్కింటి టీచరమ్మ. వాళ్లు చెప్తే వచ్చినవాళ్లకు ఆ చెప్పిన మనిషి పరువు కూడా కాపాడాల్సి ఉంటుంది. ఈ దారి నిదానం. అందుకే ఉన్నవాళ్లు "వచ్చే నెల ఖాళీ చేస్తాం" అన్న రోజే చెప్పడం మొదలుపెట్టాలి.

కాలం సంగతి మరచిపోవద్దు. మన దగ్గర బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. కుటుంబాలు ఇల్లు మారేది ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వరకే. ఆ తర్వాత ఆషాఢం వస్తుంది, పాలు పొంగించేవాళ్లు ఉండరు. భాద్రపదం, పుష్యం కూడా అంతే. జూన్ దాటి ఖాళీ అయిన ఇల్లు శ్రావణం దాకా ఆగాల్సి రావచ్చు. అప్పటిదాకా పట్టుబట్టడం కంటే జూన్‌లో వచ్చిన మంచి కుటుంబానికి 300 తగ్గించి ఇవ్వడం నయం.

చూడ్డానికి వచ్చినప్పుడు

మంచి కిరాయిదారు ఇల్లు చూసే పద్ధతే వేరు. ఒకసారి ఒక పెద్దావిడ కొడుకు, కోడలితో వచ్చింది. హాలు చూడలేదు, కిరాయి అడగలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, దోసిలి పట్టి, ఒక గుక్క నోట్లో పోసుకుని సింకులో ఉమ్మేసింది. "బోరు నీళ్లేనా బిడ్డా? నల్లా ఎప్పుడొస్తది?" అని అడిగింది. పొద్దున వచ్చే నల్లా నీళ్లు సంపులోకి పోతాయని, ఎండాకాలం బోరు తగ్గుతుందని ఉన్నదున్నట్టు చెప్పాను. "గట్లయితే సరే, ముందే చెప్పినవ్" అంది. ఆ కుటుంబమే ఏడేళ్లు ఉన్నది.

ఉన్న లోపాన్ని ముందే చెప్పండి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వానలకు హనుమకొండ, వరంగల్ కాలనీలు ఎన్ని నీటమునిగాయో మనందరం చూశాం. మీ కింది అంతస్తులోకి నీళ్లు వచ్చి ఉంటే దాచకండి. దాచి ఇస్తే మొదటి పెద్ద వానకే ఇల్లు ఖాళీ అవుతుంది, గల్లీలో మీ పేరూ పోతుంది.

మీరు అడగాల్సినవి: ఇప్పుడుంటున్న ఇంటి ఓనర్ ఫోన్ నంబరు, పనిచేసే చోటు గుర్తింపు కార్డు, ఆధార్ నకలు. పాత ఓనర్‌కు ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: కిరాయి ఎన్నో తారీఖుకు ఇచ్చేవాళ్లు, మళ్లీ వస్తే ఇస్తారా. రెండోదానికి జవాబు చెప్పే ముందు ఆయన కాసేపు ఆగితే మీకు అర్థమైపోతుంది. వివరాలను దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఇవ్వడం ఒక పూట పని, దాన్ని వాయిదా వేయకండి.

కాగితం

నోటి మాట మీద ఇచ్చే రోజులు కావివి. 11 నెలల అగ్రిమెంటు ఎందుకంటే, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజునే రిజిస్టర్ చేయించాలని అందరూ అనుకుంటారు. అందుకే 11 నెలలకు రాసి, మళ్లీ మళ్లీ పొడిగించుకుంటారు. కానీ ఉమ్మడి రాష్ట్రంలో ఆ చట్టానికి తెచ్చిన సవరణ తర్వాత మన దగ్గర ఏడాది లోపు లీజునూ రిజిస్టర్ చేయించాలి. అగ్రిమెంటులో కిరాయి, అడ్వాన్స్, ఏటా ఎంత పెంపు, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, పెయింటు ఖర్చు ఎవరిది అన్నవి ఉండాలి. అప్పగించే రోజు ప్రతి గదినీ ఫోన్‌లో వీడియో తీసి ఇద్దరి దగ్గరా ఉంచుకోండి. గొడవల్లో సగం ఈ అయిదు నిమిషాల వీడియోతో పోతాయి.

అడ్వాన్స్ రెండు నెలలు చాలు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా నివాస ఇళ్లకు రెండు నెలలే గరిష్ఠంగా పెట్టింది. అది నమూనా మాత్రమే, దాన్ని అమలు చేయాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం. అయినా కొలతగా పనికొస్తుంది.

ఎంత కోపం వచ్చినా నల్లా బంద్ చేయడం, కరెంటు తీసేయడం, బయట తాళం వేయడం చేయకండి. చట్టం అప్పుడు మీ వైపు ఉండదు. నోటీసు ఇచ్చి, కోర్టు దారిలోనే ఖాళీ చేయించాలి. వేరే మాట రాసుకోకపోతే నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు అని ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది.

మీటరు విషయం తప్పక చూసుకోండి. ప్రతి పోర్షన్‌కూ వేరే మీటరు ఉంటే గొడవే లేదు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడితే తెల్లకార్డు ఉన్న కుటుంబాలకు బిల్లు సున్నా. కిరాయికి ఉన్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఇల్లంతటికీ ఒకే మీటరు పెట్టి, లోపల సబ్ మీటరుతో యూనిట్‌కు ఇంత అని వసూలు చేసే ఓనర్ల దగ్గర వాళ్లకు ఆ లాభం రాదు. వేరే మీటరుకు అయ్యే ఖర్చు ఒకసారిదే. ఆ కుటుంబానికి మాత్రం ప్రతి నెలా మిగులుతుంది, మీ ఇల్లు వదలకపోవడానికి అదీ ఒక కారణమవుతుంది.

నిలుపుకోవడం

ఒక సద్దుల బతుకమ్మ రోజు పొద్దున మా సంపు మోటరు కాలిపోయింది. పైన ఆ పెద్దావిడ, కోడలు తంగేడు, గునుగు పూలు కుప్ప పోసుకుని కూర్చున్నారు, ఇంటి నిండా చుట్టాలు, ట్యాంకులో చుక్క లేదు. పండుగ కదా, మెకానిక్ ఎవరూ ఫోన్ ఎత్తలేదు. నేనూ మా తమ్ముడూ కింది నల్లా డ్రమ్ముల నుంచి బకెట్లతో రెండు గంటలు నీళ్లు మోశాం. మధ్యాహ్నానికి ట్యాంకరు వచ్చింది. ఆ సాయంత్రం ఆవిడ మలీద ముద్దలు తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టింది. తర్వాతి ఏడాది కిరాయి పెంచుదామని నేను నోరు తెరవకముందే "ఎంత పెంచుతవో చెప్పు బిడ్డా" అని ఆమే అడిగింది.

చెడిపోయినదాన్ని అదే రోజు చూడండి. అదే రోజు కాకపోతే ఏ రోజు అవుతుందో చెప్పండి. దూరాన ఉన్నవాళ్లయితే ఒక ప్లంబర్, ఒక ఎలక్ట్రీషియన్ నంబర్లు కిరాయిదారుకే ఇచ్చి, "వెయ్యి లోపు పనైతే చేయించి కిరాయిలో పట్టుకోండి" అని రాసి ఇవ్వండి. ఏటా ఎంత పెంచుతామన్నది మొదటి రోజే చెప్తే పెంపు రోజు ముఖాలు మాడవు. మేం అయిదు శాతం రాసుకుంటాం.

చుట్టాల లెక్క పెట్టకండి. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తుంది. అప్పుడు హనుమకొండలో కిరాయికి ఉండే ప్రతి ఇంటికీ పది మంది దిగుతారు. ఆ నాలుగు రోజులు నీళ్లు ఎక్కువే ఖర్చవుతాయి. మేం ముందే ఒక ట్యాంకరు చెప్పి పెట్టుకుని, ఆ డబ్బు పంచుకుంటాం. మోటరు ఎవరు ఎంతసేపు వేశారని మెట్ల మీద నిలబడి అడిగే ఓనర్ దగ్గర ఎవరూ ఉండరు. చెప్పకుండా పోర్షన్‌లోకి వెళ్లే ఓనర్ దగ్గర అసలే ఉండరు. కిరాయికిచ్చాక అది వాళ్ల ఇల్లు, తలుపు కొట్టి వెళ్లాలి.

ఖాళీ చేసే రోజు అడ్వాన్స్ చేతిలో పెట్టి పంపండి. "ఫోన్‌పే చేస్తాలే, వచ్చే వారం చూద్దాం" అనవద్దు. ఏమైనా పట్టుకోవాల్సి ఉంటే అప్పగించిన రోజు తీసిన వీడియో పెట్టి, గది గదీ చూపించి, అక్కడే లెక్క తేల్చండి. మా నర్సమ్మకు పెళ్లి కుదిరి కరీంనగర్ వెళ్లిపోయేటప్పుడు సామాను ఆటో ఎక్కకముందే మొత్తం లెక్కపెట్టి ఇచ్చాను. ఆమె నోట్లు పర్సులో పెట్టుకుంటూ, "అన్నా, బోర్డు పెట్టకు. మా వార్డులో ఒక అక్క ఇల్లు వెతుకుతున్నది, రేపు పంపిస్తా" అంది. మర్నాడు సాయంత్రం ఆ అక్క వచ్చింది. గేటు తాళం చూసి, "చప్పుడు కాదంట కదన్నా ఈ గేటు" అంటూ లోపలికి నడిచింది.